నీరు, పారిశుద్ధ్యం, పరిశుభ్రత, శిశు పోషణ: తిరుపతి, చిత్తూరు జిల్లాలు

నిర్వచనం, పరిధి

పసిపిల్లల ఎదుగుదలకు తిండి ఎంత ముఖ్యమో, తిన్నది ఒంటబట్టే పరిస్థితి కూడా అంతే ముఖ్యం. తాగునీరు, మలాన్ని మనుషులకు దూరంగా ఉంచే ఏర్పాట్లు, చేతులూ గిన్నెలూ వాకిలీ శుభ్రంగా ఉంచుకోవడం అనే మూడింటికీ పిల్లల పోషణతో ఉన్న సంబంధం ఈ వ్యాస విషయం. ఆంధ్రప్రదేశ్ దక్షిణ కొసన ఉన్న తిరుపతి, చిత్తూరు జిల్లాలు దీని పరిధి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో పాత చిత్తూరు జిల్లాలోని తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాలు, నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు కలిసి తిరుపతి జిల్లా ఏర్పడింది.

పోషణ లోపాన్ని మూడు కొలతలతో చెబుతారు. వయసుకు తగిన ఎత్తు లేకపోవడం గిడసబారడం. ఎత్తుకు తగిన బరువు లేకపోవడం చిక్కిపోవడం. వయసుకు తగిన బరువు లేకపోవడం తక్కువ బరువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల మధ్యస్థ విలువ కంటే రెండు ప్రామాణిక విచలనాలకు మించి కిందికి పడితే లోపంగా లెక్కిస్తారు. 6 నుంచి 59 నెలల బిడ్డకు దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే అది తీవ్రమైన స్థితి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గిడసబారిన పిల్లలు 2015-16లో 31.4 శాతం, 2019-21లో 31.2 శాతం. చిక్కిపోయినవారు 17.2 నుంచి 16.1కి, తక్కువ బరువున్నవారు 31.9 నుంచి 29.6కి తగ్గారు. అదే కాలంలో మెరుగైన మరుగుదొడ్డి వాడే కుటుంబాల్లోని జనాభా సగానికి కాస్త పైనుంచి మూడొంతులు దాటింది. దొడ్లు అంత వేగంగా పెరిగినా పిల్లల ఎత్తు దాదాపు కదలలేదు. ఈ రంగంలో జరిగిన చర్చలో పెద్ద భాగం ఇలాంటి తేడా చుట్టూనే తిరుగుతుంది.

ప్రాంతపు నీటి స్వభావం

స్వర్ణముఖి, కల్యాణి, కౌండిన్య, నీవా, పాలారు ఈ ప్రాంతపు నదులు. ఒక్కటీ జీవనది కాదు. వానలు పడినన్నాళ్లు పారి, తర్వాత ఇసుక మేటలుగా మిగులుతాయి. తూర్పు మండలాలకు అక్టోబరు, నవంబరు నెలల ఈశాన్య రుతుపవనమే ఆధారం. పడమట పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు భూమి గట్టి రాయి. అక్కడ భూగర్భజలం రాతి పగుళ్లలో మాత్రమే దొరుకుతుంది. వెయ్యి అడుగులు దాటి బోరు వేయడం పడమటి రైతుకు కొత్త కాదు, వేసిన బోరులో దుమ్ము లేవడమూ కొత్త కాదు.

విజయనగర కాలం నుంచీ ఈ లోటును పూడ్చింది చెరువులు. వాటి నీరు సాగుకే కాక, ఊటగా దిగి ఊరి బావులను కూడా నింపేది. బోర్లు వచ్చాక చెరువుల నిర్వహణ వెనకబడింది. తిరుపతి నగరానికి 1977లో పూర్తయిన కల్యాణి డ్యాం, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీరు ప్రధాన ఆధారాలు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని ఎత్తిపోసే హంద్రీ-నీవా సుజల స్రవంతి కాలువ 2025 ఆగస్టులో కుప్పం చేరింది. (చూడండి: హంద్రీ-నీవా సుజల స్రవంతి, రాయలసీమ చెరువులు.)

చరిత్ర

బ్రిటిష్ కాలపు ఆరోగ్య పాలనలో యాత్రాస్థలాల పారిశుద్ధ్యం అంటే ప్రధానంగా కలరా భయం. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కేంద్రం కూడా చిత్తూరు పట్టణమే. అప్పట్లో పారిశుద్ధ్యాన్ని అంటువ్యాధుల అదుపు కోసమే చూశారు తప్ప, పిల్లల ఎదుగుదలతో ఎవరూ ముడిపెట్టలేదు.

ఆ ముడి శాస్త్రీయంగా స్థిరపడింది 1968లో. స్క్రింషా, టేలర్, గోర్డన్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన గ్రంథంలో, జబ్బు వల్ల పోషణ తగ్గుతుందనీ పోషణ తగ్గితే జబ్బు ముదురుతుందనీ ఆధారాలతో చూపారు. దేశంలో కేంద్ర గ్రామీణ పారిశుద్ధ్య కార్యక్రమం 1986లోను, సంపూర్ణ పారిశుద్ధ్య ఉద్యమం 1999లోను మొదలయ్యాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్, 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ వచ్చాయి. అంగన్‌వాడీల ద్వారా నడిచే సమగ్ర శిశు అభివృద్ధి సేవలు వీటన్నిటికంటే ముందువి, 1975 నాటివి. తిండి ఒక శాఖకు, నీళ్లు మరో శాఖకు, దొడ్లు ఇంకో శాఖకు చేరడంతో పథకాలు దశాబ్దాల పాటు పక్కపక్కనే నడిచాయి కానీ కలవలేదు.

మలం నోటికి చేరే దారులు

వాగ్నర్, లనోయ్ అనే ఇంజనీర్లు 1958లో గీసిన పటం నేటికీ ఈ రంగానికి ప్రాథమిక పాఠం. అందులో దారులు అయిదు: నీళ్లు, వేళ్లు, ఈగలు, నేల, తిండి. వీటిలో దేని వాటా ఎంతన్నది ఊరిని బట్టి, బిడ్డ వయసును బట్టి మారుతుంది. ఆరు నెలల దాకా తల్లిపాలే తాగే బిడ్డకు నీళ్ల దారి దాదాపు మూసే ఉంటుంది. పాకడం మొదలుపెట్టాక నేల దారి తెరుచుకుంటుంది.

పాడికి పేరున్న ఈ జిల్లాల్లో నేల దారికి అదనపు బరువుంది. ఇంటి ముందే ఆవులు, దూడలు. వాకిట్లో తిరిగే నాటుకోళ్లు. పొద్దున్నే చల్లే పేడ కళ్లాపి. ఎనిమిది నెలల బిడ్డ అరుగు దిగి పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. కోళ్ల రెట్టలో ఉండే కాంపిలోబ్యాక్టర్, పశువుల పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం ఆ బిడ్డ పేగును చేరడానికి బహిరంగ మలవిసర్జన అక్కర్లేదు, మంచి మరుగుదొడ్డి ఉన్న ఇంట్లోనూ చేరతాయి. మనిషి మలాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్న పథకాలు ఈ దారిని చాలాకాలం పట్టించుకోలేదు.

పసిపిల్లల మలం సంగతి మరొకటి. అది పెద్దల మలంలా మురికి కాదన్న నమ్మకంతో దాన్ని మురికి కాలువలోకో పెంటదిబ్బ మీదికో విసిరేస్తారు. నిజానికి అయిదేళ్లలోపు పిల్లల్లో పేగు ఇన్ఫెక్షన్లు ఎక్కువ కాబట్టి వాళ్ల మలంలోనే రోగక్రిములు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

శరీరంలో జరిగేది

*బేదులు.* నీళ్ల విరేచనాలు పట్టుకున్న బిడ్డ ఒకేసారి మూడు విధాల నష్టపోతుంది. ఆకలి చస్తుంది, తిన్నది వంటికి చేరకుండానే బయటికి పోతుంది, జ్వరం ఉంటే శక్తి ఖర్చు పెరుగుతుంది. జింకు, ఉప్పులు కూడా నీటితో పోతాయి. చెక్లీ, సహచరులు 2008లో అనేక దేశాల సమాచారం కలిపి విశ్లేషించి, రెండేళ్ల వయసుకు కనిపించే గిడసబారడంలో నాలుగో వంతు అప్పటికి అయిదు లేదా అంతకు మించి వచ్చిన విరేచనాల వల్లే కావచ్చని అంచనా వేశారు. పళ్లొచ్చేటప్పుడు బేదులు మామూలేనన్న మాట పల్లెల్లో బలంగా ఉంది. పళ్లొచ్చే వయసు, పాకే వయసు, అదనపు ఆహారం మొదలయ్యే వయసు దాదాపు ఒకటే కావడం ఈ నమ్మకానికి మూలం. బిడ్డ అదేపనిగా చిక్కిపోతుంటే దిష్టి అనో పక్షి దోషం అనో మంత్రించిన తాడు కట్టడం ఉంది. దానివల్ల వైద్యానికి వెళ్లడం ఆలస్యమవుతుంది.

*పేగు పొర దెబ్బతినడం.* విరేచనాలు లేకుండానే ఎదుగుదల ఆగిపోయే పరిస్థితి ఇది. ఎదుగుదల లోపానికి పర్యావరణ కారణాల వల్ల వచ్చే ఈ పేగు బలహీనత ముఖ్య వారధి అని ఇప్పుడు చాలామంది భావిస్తారు. చిన్నపేగు లోపలి గోడకు వేలి ఆకారంలో ఉండే చూషకాలు ఆహారాన్ని పీల్చుకుంటాయి. మలక్రిములు రోజూ కొద్దికొద్దిగా లోపలికి పోతూ ఉంటే ఆ చూషకాలు పొట్టివై చదునవుతాయి, గోడ కణాల మధ్య కట్టు సడలుతుంది. క్రిముల అవశేషాలు రక్తంలోకి జారి, శరీరం ఎప్పుడూ పోరాట స్థితిలో ఉంటుంది. ఆ వాపు ఎముకలు పొడవు పెరగడానికి అవసరమైన ఇన్సులిన్ లాంటి వృద్ధి కారకాన్ని అణిచివేస్తుంది. బిడ్డ హుషారుగా ఆడుకుంటూనే ఉంటుంది. ఎత్తు మాత్రం గీత దాటదు.

ఈ పరిజ్ఞానంలో కొంత ఈ జిల్లాల గడప దగ్గరే పుట్టింది. చిత్తూరు నుంచి గంటలోపు ప్రయాణంలో ఉన్న వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో 1960ల తొలినాళ్ల నుంచి బేకర్, మాథన్ తదితరులు స్ప్రూ వ్యాధి మీద, దక్షిణాది గ్రామీణుల పేగుల్లో లక్షణాలు లేకుండా కనిపించే మార్పుల మీద పనిచేశారు. అప్పటి స్ప్రూ ఉపద్రవాలు చుట్టుపక్కల పల్లెల్లోనే వచ్చాయి. తర్వాత 2009లో మొదలైన ఎనిమిది దేశాల మాల్-ఎడ్ అధ్యయనంలో భారతదేశ కేంద్రం వెల్లూరే. పుట్టిన నాటి నుంచి పిల్లలను వెన్నంటి చూసిన ఆ అధ్యయనం, విరేచనాలు రాకపోయినా షిగెల్లా, కాంపిలోబ్యాక్టర్, జియార్డియా వంటి క్రిములను మోసే పిల్లల ఎత్తు తగ్గుతున్నట్టు చూపింది. 2009లోనే జీన్ హంఫ్రీ ఒక వ్యాసంలో విరేచనాల కంటే ఈ పేగు దెబ్బే ఎక్కువ నష్టం చేస్తుందని వాదించారు. (చూడండి: ఉష్ణమండల స్ప్రూ, మాల్-ఎడ్ అధ్యయనం.)

*నులిపురుగులు.* ఏలికపాములు ఆహారాన్ని పంచుకుంటాయి. కొంకిపురుగులు పేగు గోడ పట్టుకుని రక్తం తాగుతాయి. కొంకిపురుగు గుడ్లు మలం పడిన తడి నేలలో పొదిగి, పిల్ల పురుగులు చెప్పుల్లేని పాదాల చర్మంలోంచి లోపలికి దూరతాయి. 2019-21 సర్వేలో రాష్ట్రంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 63.2 శాతం రక్తహీనత తేలింది. ఇనుము తక్కువున్న తిండి దానికి ప్రధాన కారణం. పురుగులు దాన్ని ఇంకా పెంచుతాయి.

నీరు: నాణ్యత, పరిమాణం

తాగునీటి చర్చ ఎక్కువగా నాణ్యత దగ్గరే ఆగుతుంది. పల్లె తల్లికి పొద్దున్నే ఎదురయ్యే ప్రశ్న పరిమాణం. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. అయిదుగురి ఇంటికి 275 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు పద్దెనిమిది దాకా. కుళాయి ఎండి ట్యాంకర్ మీద ఆధారపడే రోజుల్లో అందులో సగం కూడా ఇంటికి చేరవు. పాలిచ్చే సంకరజాతి ఆవు ఒక్కటే రోజుకు 60 లీటర్లకు పైగా తాగుతుంది, ఒక మనిషి మొత్తం వాటా కంటే ఎక్కువ. ఆవుకు నీళ్లు తగ్గిస్తే ఆ పూటే పాలు తగ్గి, డెయిరీ బిల్లులో కనిపిస్తుంది. బిడ్డ చేతులు కడగడం మానేస్తే ఏ బిల్లులోనూ కనిపించదు. మొదట తాగడానికి, వంటకు. తర్వాత పశువులకు. మిగిలితే స్నానానికి, బట్టలకు, దొడ్డికి. చేతులు, పాలసీసాలు, బిడ్డ కూర్చున్న నేల వరసలో అన్నిటికంటే చివర. పరిశుభ్రత పాఠం తెలియక కాదు, నీళ్ల వరసలో దాని వంతు రాక చేతులు కడగని ఇళ్లు ఇక్కడ ఎక్కువ.

నీళ్ల కోసం పోయే సమయానిదీ మరో లెక్క. తల్లి బిందెతో లైన్లో నిలబడిన గంట, బిడ్డకు పాలివ్వని గంట.

నాణ్యత విషయంలో రెండు సమస్యలు వేర్వేరు. మొదటిది సూక్ష్మక్రిములు. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలని భారత ప్రమాణం. గ్రామాల్లో మహిళలకు శిక్షణ ఇచ్చిన పరీక్ష కిట్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా ఒకటి. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే మలక్రిములున్న నీరు నల్లబడుతుంది. నల్లబడిన ఆ సీసా కళ్లతో చూసినవారికి మిగతా ప్రచారం పెద్దగా అక్కర్లేదు. రెండోది ఫ్లోరైడ్. లోతు బోర్ల నీటిలో, ముఖ్యంగా పడమటి వైపు కొన్నిచోట్ల అది లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని దాటుతుంది. పళ్ల మీద గార, ఎముకల జబ్బులు దాని ఫలితం. క్లోరిన్ ఫ్లోరైడ్‌ను ఏమీ చేయదు. ఫ్లోరైడ్‌ను తీసే ఆర్వో ప్లాంటు నీటిలో క్లోరిన్ మిగలదు. ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చి, మూత తీసి, అదే చెంబు నాలుగైదు చేతులు ముంచితే సాయంత్రానికి ఆ నీరూ మురికే. (చూడండి: ఫ్లోరోసిస్, ఎన్టీఆర్ సుజల స్రవంతి.)

మరుగుదొడ్డి రకాలు

స్వచ్ఛ భారత్ సిఫార్సు చేసింది రెండు గుంతల దొడ్డి. ఒక గుంత నిండేసరికి దారి రెండోదానికి మళ్లిస్తారు. మొదటిదాన్ని ఏడాదికి పైగా మూసి ఉంచితే మలం ఎండి ఎరువవుతుంది. పల్లెల్లో ఎక్కువ కనిపించేది మాత్రం సిమెంటు వరలు దించిన ఒకే లోతు గుంత. అది నిండితే తోడించడానికి డబ్బు కావాలన్న బెంగతో ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు మాత్రమే దొడ్డి వాడి, మగవాళ్లు చెంబు పట్టుకుని పొలానికి పోవడం ఉంది. గట్టి రాయి ఉన్నచోట గుంతలోని నీరు పగుళ్ల వెంట పక్క బోరులోకి దిగే ప్రమాదముంది. అందుకే బోరుకూ గుంతకూ కనీసం పది మీటర్ల ఎడం ఉంచమంటారు. చిన్న చిన్న ఇంటి స్థలాల్లో అంత ఎడం దొరకదు. తిరుపతి, సూళ్లూరుపేట, సత్యవేడు వైపు చెరువు గట్ల దగ్గరా పరాయి భూముల్లోనూ ఉండే యానాది కుటుంబాలకు స్థలమే లేనప్పుడు గుంత ప్రశ్న రాదు.

తిండి పరిశుభ్రత

నీరు, దొడ్డి చర్చల మధ్య బిడ్డ గిన్నె మరుగున పడుతుంది. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పొడి. పొడిగా ఉన్నంతసేపు సురక్షితం. పొద్దున నీళ్లు పోసి కలిపి, మేలో నలభై డిగ్రీలు దాటే తిరుపతి ఎండలో మధ్యాహ్నం దాకా ఉంచితే క్రిములు పెరిగిపోతాయి. ఆకలి తక్కువున్న బిడ్డకు రెండు మూడు విడతలుగా పెడదామని ఉంచేది తల్లి ప్రేమతోనే. పులిసిన రాగి అంబలి కొంత మేలు. పులుపు చాలా క్రిముల పెరుగుదలను అడ్డుకుంటుంది. అయితే పలచన చేయడానికి పచ్చి నీళ్లు పోస్తే ఆ రక్షణ తగ్గుతుంది. 2019-21 సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 6-23 నెలల పిల్లల్లో తగిన ఆహారం అందింది 11.3 శాతానికే. తిండే తక్కువైన చోట పరిశుభ్రత ఒక్కటే బిడ్డను పెంచలేదు.

రుజువులు, వాదాలు

బహిరంగ మలవిసర్జన భారతీయ పిల్లల ఎత్తుకు పెద్ద కారణమని 2013 ప్రాంతంలో డీన్ స్పియర్స్ గణాంకాలతో వాదించారు. ప్రయోగాలు అంత సూటిగా తేల్చలేదు. ఒడిశాలో 100 గ్రామాల్లో జరిగిన అధ్యయనంలో దొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. 2014లో వెలువడిన ఫలితాల్లో విరేచనాలు, ఎదుగుదల మారలేదు. బంగ్లాదేశ్, కెన్యాల్లో వాష్ బెనిఫిట్స్ ప్రయోగాల ఫలితాలు 2018లో, జింబాబ్వే షైన్ ఫలితాలు 2019లో వచ్చాయి. నీరు, దొడ్డి, చేతులు కడగడం మెరుగుపరిచినా ఈ మూడు చోట్లా పిల్లల పొడవు పెరగలేదు. పోషకాహారం ఇచ్చినచోట కొద్దిగా పెరిగింది. విరేచనాలు తగ్గింది బంగ్లాదేశ్‌లోనే.

పారిశుద్ధ్యం అనవసరమని వీటి అర్థం కాదు. రెండు వివరణలు బలంగా ఉన్నాయి. ఒకటి, ఊళ్లో కొందరు మాత్రమే దొడ్డి వాడితే మలభారం పెద్దగా తగ్గదు. కొంత హద్దు దాటి దాదాపు అందరూ వాడితేనే ఫలితం. మాలీ దేశంలో ఊరంతా కలిసి బహిరంగ మలవిసర్జన మానేలా చేసిన కార్యక్రమంలో పిల్లల ఎత్తు మెరుగైనట్టు 2015లో తేలింది. రెండోది, చేతి పంపు పక్కన సబ్బు, గుంత దొడ్డి లాంటి చవక ఏర్పాట్లు పేగు మీద పడే భారాన్ని తగినంత తగ్గించలేవు. ఇంటింటికీ నిరంతర నీరు, మురుగు పారుదల, పశువులకు వేరే చోటు లాంటివి కావాలి. ఆవులు ఇంటి ముందుండే చిత్తూరు పల్లెలకు రెండో వివరణ ఎక్కువ నప్పుతుంది.

కార్యక్రమాలు

*వైద్యం.* విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీటిలో కలిపి పట్టించడం, జింకు మాత్రలు 14 రోజులు వేయడం ప్రామాణికం. ఆరు నెలలు దాటినవారికి జింకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవారికి 10. బేదులు ఆగగానే జింకు మానేయడం సాధారణంగా జరిగే పొరపాటు. హైదరాబాదులో తయారైన రోటావైరస్ టీకాను 2016లో జాతీయ కార్యక్రమంలోకి తెచ్చిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2015 నుంచి జరుగుతున్న నులిపురుగుల నివారణ దినాల్లో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఇస్తారు, ఏడాది నుంచి రెండేళ్ల లోపు వారికి సగం మాత్ర. నేల మారకపోతే పురుగులు మళ్లీ వస్తాయి, అందుకే ఏటా మళ్లీ మళ్లీ మాత్రలు.

*ఆహారం.* 2018లో పోషణ అభియాన్, 2020 సెప్టెంబరులో సంపూర్ణ పోషణ పథకం అంగన్‌వాడీ మార్గంలోనే వచ్చాయి. (చూడండి: సమగ్ర శిశు అభివృద్ధి సేవలు.)

నగరం, యాత్రికులు, వరదలు

తిరుపతి నగర సమస్య పల్లె సమస్యకు తలకిందులు. తిరుమలకు రోజూ అరవై, డెబ్బై వేలమంది వస్తారు. వాళ్ల నీళ్లు, మురుగు నగర జనాభా లెక్కలో కనిపించవు. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో నగరానికి దేశంలో తొమ్మిదో స్థానం దక్కింది. వీధుల శుభ్రతకు మార్కులు వేసే ఆ పోటీ నగరం దిగువన స్వర్ణముఖిలో కలిసే మురుగు గురించి తక్కువే చెబుతుంది. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు గట్టు ఊటెత్తి దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి వేళల్లో దొడ్ల గుంతలు, బావులు, పైపులైన్లు ఒకే నీటిలో మునుగుతాయి. వరద తగ్గాక వచ్చే వారాల్లో బేదుల బెడద ఎక్కువ.

కొలతలు

ఈ రంగంలో అధికారికంగా లెక్కించేది నిర్మించిన దొడ్లు, ఇచ్చిన కుళాయిలు, పంచిన కిట్లు. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూస్తారు. పొడవు కొలవడానికి ఏడ్చే బిడ్డను ఇద్దరు పట్టుకుని పలక మీద చక్కగా పడుకోబెట్టాలి. ఒక సెంటీమీటరు తేడా వస్తే గిడసబారడం లెక్క మారిపోతుంది. కుళాయిలో వారానికి ఎన్ని గంటలు నీళ్లొచ్చాయి, దొడ్డిని ఇంట్లో ఎందరు వాడుతున్నారు, బిడ్డ పాకే చోట పేడ ఉందా లేదా అన్నవి సాధారణ నివేదికల్లో అరుదు. జిల్లా స్థాయిలో పోషణ, నీరు, దొడ్ల సమాచారం ఒకే కుటుంబానికి కలిపి చూసే వీలు ప్రధానంగా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. 2022కు ముందు జరిగిన దాని చివరి విడత పాత చిత్తూరు జిల్లాను ఒకటిగానే చూపుతుంది.